షీటు మూలల దొంగ

"మీ బ్యాగ్ ఒకసారి తెరవండి."

ల్యాబ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆమె అన్న మాటకి అతను నవ్వాడు. "పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందండీ మీకు?"

"నా షీట్లకి మూలలు తెగుతున్నాయి. మీరు వచ్చినప్పటి నుంచే."

"ఎలుకలేమో."

"కత్తెర పట్టే ఎలుకలా?"

పాత ప్లాస్టిక్‌ని కరిగించి నూనె చేసి, ఆ నూనెని బ్యాక్టీరియాకి మేపి, అవి ఒంట్లో దాచుకున్న పదార్థంతో మట్టిలో కలిసిపోయే షీటు తయారు చేయడం ఆమె పని. దాన్ని కొనాలా వద్దా తేల్చమని సంచుల కంపెనీ పంపినవాడు అతను. వచ్చిన రోజే "నిజంగా కలుస్తుందా, మాటవరసకా?" అని అడిగి ఆమెకి ఒళ్లు మండేలా చేశాడు. గుట్టు లాగేసి సొంతంగా చేసుకుంటారేమోనని ఆమె అనుమానం. అతని నవ్వు బాగుండటం ఆ అనుమానాన్ని ఇంకాస్త పెంచింది.

బ్యాగ్ తెరవకుండానే అతను జారుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. గొడుగు చాటున మొహం దాచుకుని వానలో వెంటపడింది. అతను వెళ్లింది కంపెనీకి కాదు, ఇంటికి. పెరట్లో కుండీల ముందు కూర్చుని మట్టి తవ్వుతుంటే వాళ్లమ్మ గొడుగు పట్టింది.

"దొరికారు!" అంది ఆమె.

అతను తడబడ్డాడు. "అదీ... కలిసిపోతుందని కబుర్లు చెప్పేవాళ్లని చాలామందిని చూశానండీ. అందుకే ఆ ముక్కల్ని అమ్మ కుండీల్లో పూడ్చి చూస్తున్నాను."

కోపం రావాల్సింది. కానీ ఆమె గొడుగు పక్కన పడేసి బురదలోనే కూర్చుంది. "కలిసిందా?"

తడిమట్టిలో ముక్క జాడే లేదు. వరండాలోని ఎండిన కుండీలో మాత్రం చెక్కుచెదరకుండా మెరుస్తోంది. ఇది తెలిస్తే కంపెనీ వెనక్కి తగ్గొచ్చు. అతను కన్నార్పకుండా ఆమె మొహమే చూస్తున్నాడు, ఏ సాకు చెబుతుందోనని.

"తడి లేకపోతే కలవదు," అంది చివరికి. "మీవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పండి. దాని మీద నేనింకా పని చేయాలి."

"దాచేస్తారనుకున్నాను."

"నేను మిమ్మల్ని దొంగ అనుకున్నాను."

"దొంగేనమ్మా," అంది తల్లి. "కుండీలు నిండిపోయాయి, ఇంకా ముక్కలెందుకురా అంటే, మూల తెగితే గానీ ఆవిడ నాతో మాట్లాడదమ్మా అన్నాడు."

"అమ్మా!" అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె నవ్వు ఆపుకుంటూ చేతుల మట్టి దులుపుకుంది.

"రేపటి నుంచి నా షీట్ల జోలికి రాకండి," అంది. "ఊరికే వచ్చినా మాట్లాడతాను."