ఎడమచేతి విజయదేవి

"మీ విజయదేవికి అన్నం పెట్టి ఎన్నాళ్లయింది?"

రోమ్ టంకశాలలో నాణేల అచ్చులు చెక్కే హిలరస్ తలెత్తి చూశాడు. సుత్తి వేసే ట్రోఫిమస్ కూతురు వెరానియా, తండ్రికి తెచ్చిన రొట్టె, జున్ను మూట చంకన పెట్టుకుని, అతని మైనపు పలక మీద బొమ్మను వంగి చూస్తోంది. వానకు తడిసిన ఆమె జుట్టులోంచి ఒక చుక్క సరిగ్గా దేవి ముక్కు మీద పడింది.

"ఏయ్, దేవిని తడిపేశావు!"

"పోనీలే, దాహమైనా తీరింది."

హిలరస్‌కు ఒళ్లు మండింది. మండదూ మరి! చక్రవర్తి పార్థియన్ల మీద గెలిచాడు. ఆ విజయానికి గుర్తుగా సైనికులకు పంచే బంగారు నాణేల అచ్చు, పదేళ్ల చాకిరీ తర్వాత, మొదటిసారి అతని చేతికి వచ్చింది. విజయదేవి కుడిచేత్తో ఆకుల కిరీటం అందిస్తుండాలి. కుదిరితే బంగారం పని ఖాయం. లేకపోతే జన్మంతా రాగి నాణేలే గతి.

"అంత తెలిసినదానివి నువ్వే నిలబడు. చూసి చెక్కుతా."

నిలబడింది. కిరీటం పట్టుకుని చెయ్యి చాచింది. అంతలోనే తప్పు చేసినదానిలా గబుక్కున చెయ్యి మార్చబోయింది. చాచింది ఎడమ చెయ్యి.

"పుట్టుకతో ఇంతే," అంది, గొంతు తగ్గించి. "చిన్నప్పుడు అమ్మ ఈ చెయ్యి కట్టేసి కూడా చూసింది. దీన్ని చూసే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి."

"మార్చకు, మార్చకు! నాకు కావలసింది అదే! అచ్చులో ఎడమది నాణెం మీద కుడిదై పడుతుంది. కుడిచేతివాళ్లను చూసి తిరగేసి చెక్కలేక చస్తుంటాం. నిన్నయితే చూసింది చూసినట్టు చెక్కేయొచ్చు."

"ఎవరికీ తెలియదుగా?"

"ఒట్టు."

ఆ చేతిని 'కావాలి' అన్న మొదటి మనిషి అతనే. నాలుగు రోజులు భోజనాల వేళకు వచ్చి నిలబడింది.

"కదలకు."

"ముక్కు దురదగా ఉంది."

"దేవతలకు దురద పెట్టదు."

"వాళ్లను ఇలా గుడ్లప్పగించి చూసేవాడు ఉండడుగా!"

ఐదో రోజు ముందుగా సీసం బిళ్ల మీద వేసి చూశారు. ట్రోఫిమస్ సుత్తి ఎత్తి ఒక్కటిచ్చాడు. వెరానియాతో సహా అందరూ వంగి చూశారు. విజయదేవి ఎంచక్కా ఎడమచేత్తో కిరీటం అందిస్తోంది.

చూసింది చూసినట్టు చెక్కవలసిన హిలరస్, అలవాటు కొద్దీ తిరగేసి చెక్కేశాడు.

వెరానియా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. హిలరస్‌కు మాత్రమే వినబడేలా అంది, "ఎవరికీ తెలియదని ఒట్టేశావు. ఊరూరా చాటింపు వేస్తావా? ఇంతకన్నా మొహం మీద నవ్వినా బాగుండేది."

"అదికాదు వెరానియా..."

"విజయానికి ఎడమచెయ్యా?" టంకశాల పెద్ద లర్గస్ అరిచాడు. "అచ్చు పగలగొట్టండి! ఎవర్ని చూసి చెక్కావురా ఈ అపశకునాన్ని?"

పేరు చెబితే తప్పు సగం ఆమె మీదికి పోతుంది. హిలరస్ చెప్పలేదు.

"తప్పు నాదేనయ్యా. ఎదుట ఎడమచెయ్యి ఉన్నా, అలవాటుగా తిరగేశాను."

"నాలుగు రోజులు చూశావు కదా, ఎదురుగా ఉన్నది ఎడమచెయ్యని గుర్తులేదూ?"

"లేదయ్యా. వంక కనిపిస్తే కదా గుర్తుండేది! నాకది ఉత్త చెయ్యిలాగే కనిపించింది. అంత అందమైనది నేనింతవరకు చెక్కలేదు."

వెరానియా కన్నీళ్లు తుడుచుకుంది. లర్గస్ ఎదుటికి వచ్చి నిలబడింది.

"అయ్యా, మన దండు బయల్దేరిననాడు ఉరుము ఎటువైపు వినబడిందన్నారు?"

"ఎడమవైపు. శుభశకునమని ఊరంతా పండుగ చేసుకుంది. ఇప్పుడదెందుకు?"

"దేవుడు ఉరుమై ఎడమనుంచి పలికితే శుభం, దేవి ఎడమచేత్తో ఇస్తే అశుభమా?"

లర్గస్ శకునాలు చూసే పెద్దల దగ్గరికి విసవిసా వెళ్లాడు. సాయంత్రానికి నవ్వుకుంటూ వచ్చాడు. "శుభమేనట. ఈ అచ్చే కానివ్వండి. నాకు మొదటే అనిపించింది," అన్నాడు, సిగ్గు లేకుండా.

ట్రోఫిమస్ సుత్తి కింద పెట్టి, ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"నలుగురిలో నా కూతురి చెయ్యి అందంగా ఉందన్నావు. ఇక ఊరికే వదలను. ఏమే, నీకిష్టమేనా?"

"ముక్కు గోక్కోనిస్తే ఇష్టమే," అంది వెరానియా.

"అయితే పెళ్లి ఆచారం ప్రకారం కుడిచేతులు కలపండి."

వెరానియా బుద్ధిగా కుడిచెయ్యి చాచింది. హిలరస్ పట్టుకోలేదు.

"నాకు కావలసింది అది కాదు."

"ఆచారంరా!" అన్నాడు ట్రోఫిమస్.

వెరానియా నవ్వి, ఎడమచెయ్యి చాచింది. ఈసారి మార్చుకోలేదు.