వచ్చావా నాన్నా

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ ఆగరు. చేపల బుట్టలు కట్టుకున్న సైకిళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి గంట కొట్టడం మానేసి, వెనక్కి చూడకుండా దూసుకుపోతాయి. సముద్రానికీ సరుగుడు తోపుకీ మధ్య ఒంటరి ఇల్లు. పెంకులు సగం లేచిపోయాయి. తలుపుకి గొళ్ళెం లేదు. మనిషి అలికిడి అయితే చాలు, లోపల్నుంచి ఒక ముసలి గొంతు పిలుస్తుందట. పేరు పెట్టి కాదు... కన్నతల్లి పిలిచినట్టు.

ఇది నాకు మా బావ చెప్పాడు. బావ కారు నడపడం నేర్పుతాడు. వణికే చేతుల పక్కన కూర్చుని బతుకుతున్న మనిషి — ఉత్తపుణ్యానికి భయపడే రకం కాదు.

బావకి ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడిది ఫోటో స్టూడియో. వాణ్ణి అందరూ ఫ్లాషు అంటారు. రెండోవాడు ఆస్పత్రిలో కంపౌండరు. ఆ ఏడాది వానల్లో కంపౌండరు వాళ్ళమ్మ పోయింది. ఆ సమయానికి వాడు ఎవరి బిడ్డకో సెలైన్ ఎక్కిస్తున్నాడు. "ఒంట్లో బాలేదురా, తొందరగా రా" అని ఆవిడ ఫోన్ చేస్తే, "ఇదిగో అమ్మా, బయల్దేరుతున్నా" అన్నాడు. బయల్దేరలేకపోయాడు. ఇంటికెళ్ళేసరికి వరండాలో లైటు వెలుగుతోంది. అమ్మ కుర్చీలోనే ఉంది, వీధి వైపు తిరిగి... ఒళ్ళు చల్లబడిపోయి.

ఆ తర్వాత కంపౌండరు ఏడవలేదు. అదే వచ్చిన చిక్కు. పనికెళ్ళేవాడు, సూదులు వేసేవాడు, "నొప్పి పెట్టిందా?" అని అందర్నీ అడిగేవాడు. వాణ్ణి ఎవరన్నా అడిగితే మాత్రం — "ఆఁ... బానే ఉన్నా."

"వీణ్ణిలా వదిలేస్తే రాయైపోతాడ్రా" అని ఫ్లాషే ఈ ప్రయాణం పెట్టాడు. బావ కారులో ముగ్గురూ అడవి దారి పట్టి, జనం లేని తీరాల వెంట తిరిగి, తాబేళ్ళు ఒడ్డుకెక్కి గుడ్లు పెట్టడం చూసి రావాలని.

అడవి బాగానే మురిపించింది. పెద్దముక్కు పిట్టల జంట తలమీంచి ఎగిరితే, ఆ రెక్కల చప్పుడు పాత ఫ్యాను తిరిగినట్టు వినిపించిందట. పిల్లికంటే పెద్ద ఉడత ఒకటి కొమ్మ మీంచి కొమ్మకి దూకింది. ఫ్లాషు కెమెరా ఎత్తేలోపే మాయం. "పెళ్ళికొడుకులే నయంరా, ఊపిరి పీల్చమన్నదాకా పీల్చరు" అని వాడు మొత్తుకుంటే బావ పగలబడి నవ్వాడు.

వెనక సీట్లో కంపౌండరు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

తీరానికి చేరాక, ఐసు ఫ్యాక్టరీ పక్కన టీ కొట్టు నడిపే ఆవిణ్ణి దారి అడిగారు.

"తాబేళ్ళా? ఆ పాడుబడ్డ ఇంటి ముందరే ఎక్కుతాయి బాబూ, అక్కడ దీపాలుండవుగా. కానీ ఇంటి దగ్గరికి మాత్రం పోకండి. పిలుస్తుంది... పలక్కండి."

"పలికితే ఏమవుతుందక్కా?" అన్నాడు ఫ్లాషు.

"ఇంతవరకూ ఎవరూ పలకలేదు. నాకేం తెలుసు?"

పొద్దుగూకే వేళకి కారు రోడ్డు మీద వదిలేసి ఇసకలో నడిచారు. ఎర్ర పీతలు అడుగుల చప్పుడికి బొరియల్లోకి జారిపోతున్నాయి. ఇంకా తాబేళ్ళ జాడ లేదు. ఉన్నట్టుండి ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన... తల దాచుకోవడానికి ఆ ఒక్క చూరే ఉంది.

ముగ్గురూ పరిగెత్తి వరండా ఎక్కారు. కాళ్ళ కింద పాత చెక్క కిర్రుమంది.

అప్పుడు —

"వచ్చావా నాన్నా?"

ఫ్లాషు వచ్చి బావ చొక్కా పట్టుకున్నాడు. లోపల చీకటి. ఏమీ కనబడదు.

"వచ్చావా నాన్నా? ఇంత పొద్దుపోయిందేంట్రా..."

అచ్చం మనిషి గొంతు. అరిగిపోయిన, దిగులు పడ్డ, ముసలి గొంతు.

"పలక్కండ్రా..." అని గొణిగాడు బావ. "ఎవరూ పలక్కండి."

కానీ కంపౌండరు పక్కన లేడు. అప్పటికే గడప దాటి లోపలికెళ్ళిపోయాడు.

"వచ్చానమ్మా" అన్నాడు.

అంతే... వాడి గొంతు పగిలిపోయింది. "ఆలస్యమైపోయిందమ్మా... ఇదిగో బయల్దేరుతున్నానని అబద్ధం చెప్పాను. ఎవరి బిడ్డనో పట్టుకు కూర్చున్నాను. నిన్ను ఒక్కదాన్నే వదిలేశానమ్మా..." నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వానలో సముద్రం హోరు. వాడి ఏడుపు. ఇంకేమీ లేదు.

కాసేపటికి చీకట్లోంచి ఇంకో గొంతు వచ్చింది. ఈసారి ముసలావిడ కాదు — ఎవరో కుర్రాడు, కాస్త బొంగురుగా...

"వచ్చేశాగా అమ్మా. ఇంక పడుకో."

బావ ఫోన్ లైటు వేశాడు.

వాసం మీద నల్లటి పిట్ట. నారింజరంగు ముక్కు, కళ్ళ వెనక పసుప్పచ్చటి మడత. కొండగోరింక! తల పక్కకి వంచి వెలుగులోకి చూసి, నోరు తెరిచింది.

"వచ్చావా నాన్నా?"

ఫ్లాషు నవ్వలేక, ఏడవలేక అక్కడే చతికిలబడ్డాడు. కంపౌండరు మాత్రం ఆ పిట్టనే చూస్తూ, వాన వెలిసేదాకా కదల్లేదు.

పొద్దున్నే టీ కొట్టు ఆవిడకి చెప్తే, పోస్తున్న టీ ఆపేసింది.

"అది... ఇంకా బతికే ఉందా? ఆ ఇంటి ముసలమ్మ పెంచుకున్న పిట్ట బాబూ. కొడుకెక్కిన పడవ గాలివానలో తిరిగి రాలేదు. ఆవిణ్ణి కాటికి సాగనంపిన రోజు పంజరం తలుపు నేనే తీశాను. అడవికి పోయిందనుకున్నా. పగలంతా అక్కడ మేసి, రాత్రికి ఇల్లు చేరుతున్నట్టుంది పిచ్చిది."

"పాపం, తల్లి మాటా కొడుకు మాటా రెండూ పట్టేసింది" అన్నాడు బావ.

ఆవిడ అదోలా చూసింది.

"కొడుకు మాటేంటి? వాడు పోయాకే ఆ పిట్టపిల్లని తెచ్చుకుందావిడ. వాడి గొంతు దీనికెలా తెలుస్తుంది?"

ఎవరి గ్లాసూ నోటిదాకా పోలేదు.

ఆవిడ గొంతు తగ్గించి అంది. "అప్పట్లో ఐసు బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారే నడిచేదాన్ని. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. ఓసారి కిటికీలోంచి తొంగి చూశా. ఒక్కతే కూర్చుని ఉంది. వచ్చావా నాన్నా అని తనే అడిగింది. కాసేపాగి... మగగొంతు పెట్టి తనే జవాబు చెప్పుకుంది."

ఆ సాయంత్రం తిరిగెళ్తూ, ఆ ఇంటి ముందుకి రాగానే కంపౌండరు కారు ఆపమన్నాడు. ఒక్కడే దిగి వెళ్ళాడు. చీకటి పడింది. బావ, ఫ్లాషు అద్దాలు దించుకుని కూర్చున్నారు.

"వచ్చావా నాన్నా?"

తర్వాత — "వచ్చేశాగా అమ్మా. ఇంక పడుకో."

అది పిట్ట అందో, వాడు అన్నాడో... బావ ఇప్పటికీ అడగలేదు.