గట్టి స్ప్రింగు

పొద్దున్నే తండ్రి జీపును వాకిట్లోంచి వెనక్కి తీస్తుంటే మాడు వాసన వంటగది దాకా వచ్చింది.

"నా పొయ్యి మీద ఏదీ మాడలేదు. మాడింది మీ బండే," అంది తల్లి, గరిటెతో గుమ్మంలోకి వచ్చి.

నోట్లో బ్రష్షుతోనే కూతురు పరుగెత్తింది. ఇంట్లో ఆమెను స్పానర్ అంటారు. చిన్నప్పుడు తండ్రి పనిముట్ల పెట్టెలోంచి ఎత్తుకెళ్ళి తలగడ కింద దాచుకున్న వస్తువే పేరై కూర్చుంది. ఇప్పుడు ఆ వాకిట్లోనే బళ్ళు బాగుచేస్తుంది. తండ్రి జీపులో పనివాళ్ళను కొండ మీది రాతి క్వారీకి చేరవేస్తాడు.

"ఈ వానాకాలంలో ఇది రెండో క్లచ్చు ప్లేటు నాన్నా."

"ఏనుగు పాదాల్లాంటి టైర్లు తగిలించిందెవరు? నేనా?"

తగిలించింది ఆమే. దారిలో రాళ్ళు బండి అడుగుకు కొట్టుకుంటున్నాయని పెద్ద టైర్లు వేసింది. టైరు పెరిగితే క్లచ్చుకు భారం పెరుగుతుంది. తప్పు తనదేననుకుంది.

తండ్రి దిగి ఇంట్లోకి నడిచాడు. ఎడమ చెప్పు జీపు పక్కనే ఉండిపోయింది. ఆయన చూసుకోలేదు. తల్లి వెళ్ళి, అలవాటైన పనిలా దాన్ని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

మధ్యాహ్నానికి గేర్‌బాక్సు దించి, గోనెపట్టా మీద రెండు కొత్త క్లచ్చులు పరిచింది స్పానర్.

"ఇది వెడల్పు ప్లేటు నాన్నా. పట్టు ఎక్కువ, పెడల్ మెత్తగానే ఉంటుంది. అది గట్టి స్ప్రింగుది. దానికీ పట్టు ఉంది గానీ, తొక్కాలంటే ఎద్దు బలం కావాలి. వెడల్పుదే వేస్తా."

"గట్టిదే వెయ్యి."

"కొండెక్కేసరికి మోకాలు పోతుంది."

"పోతే నా మోకాలు. నీదేం పోయింది?"

స్పానర్ పాత క్లచ్చులోంచి విప్పిన బేరింగు చేతిలోకి తీసుకుంది. వేడికి అది నీలం తిరిగిపోయి ఉంది.

"టైర్లు పెద్దవైతే ప్లేటు మాడుతుంది. ఇదెందుకు ఇలా అయింది? పని లేకపోయినా పెడల్ మీద కాలు ఆనించి నడిపితేనే ఇది అరుగుతుంది. నాకు స్టీరింగ్ ఇచ్చిన రోజు నువ్వు మొదట చెప్పిందేంటి? 'పని అయ్యాక పాదం కింద ఉండాలి' అని మోకాలి మీద ఒక్కటి వెయ్యలేదూ?"

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నా. గట్టిది వేస్తావా, ఇంకో మెకానిక్కుని పిలవనా?"

అంత మాట ఆయన ఎప్పుడూ అనలేదు. స్పానర్ పెదవి బిగించి గట్టిదే వేసింది.

పొద్దు వాలుతుండగా ఆయన సీట్లో కూర్చుని, తొడ బలంతో పెడల్‌ను అడుక్కంటా తొక్కాడు.

"చూశావా! ఇప్పుడు తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది?"

ఆయన మళ్ళీ అడుక్కంటా తొక్కాడు. ఆమె తెరిచిన తలుపు దగ్గర గొంతుక్కూర్చుంది.

"సరే, కాలు తీసి కింద పెట్టు."

"పెట్టాను," అన్నాడు, అద్దంలోంచి కొండ వైపు చూస్తూ.

కాలు పెడల్ మీదే ఉంది.

ఆమె రెండు చేతులతో ఆ పాదాన్ని ఎత్తి కింద పెట్టింది. ఆ ఉక్కలోనూ చల్లగా తగిలింది. ఆయన ఎందుకో తల దించి, కూతురి చేతుల్ని చూశాడు.

"నా కాలు ఎప్పుడు పట్టుకున్నావు?"

ఆమె ఆ పాదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏడాదిగా ఆ చెప్పు ఏరుతూనే ఉన్నానే," అంది వెనక నుంచి తల్లి. "చెబితే బండి దిగాల్సొస్తుందని నా నోరు కట్టేశాడు. ఆ కాలి నరాలు చచ్చిపోయాయన్నాడు డాక్టరు. ఇక రావట."

"పెడల్ గట్టిగా ఉంటే కాలికి తెలుస్తుందనుకున్నా తల్లీ," అన్నాడాయన.

"బండి నిండా మనుషులుంటారు నాన్నా."

"ఉంటారు. బ్రేకు తొక్కేది కుడికాలే కదా, అది బాగానే ఉంది కదా అని సర్దిచెప్పుకున్నా." తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నీ టైర్లను తిట్టాను. మనసులో పెట్టుకోకు."

ఆమె ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఆ మోకాలికైనా తెలిసిందో లేదో అడగలేదు.

మర్నాడు గట్టి స్ప్రింగు విప్పేసి వెడల్పు ప్లేటు వేసింది. ఆ మరుసటి పొద్దున జీపు నిండా పనివాళ్ళతో తనే కొండెక్కింది. తండ్రి పక్కన కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా "ఇప్పుడు" అన్నాడు. అన్నప్పుడల్లా ఆయన ఎడమ మోకాలు లేచి పడింది, పెడల్ లేని చోట. మాడు వాసన లేదు. బండి వెన్నలా ఎక్కింది.

పైకి చేరాక ఆయన దిగి, రాళ్ళ మీదుగా పనివాళ్ళ వెనకే నడిచాడు. సీటు కింద చెప్పు మిగిలిపోయింది. స్పానర్ దాన్ని తీసుకుని పరుగెత్తింది.

"నాన్నా, ఆగు."

ఆయన సిగ్గుపడుతూ నవ్వి, ఆమె తల మీద చెయ్యి ఊతంగా పెట్టి, ఎడమ కాలు చాచాడు.

ఆ కాలికి చెప్పు ఉంది.

ఆమె చేతిలో ఉన్నది కుడిది. తల మీది చెయ్యి బరువెక్కింది. ఆమె వంగి, తల ఎత్తకుండా, కుడి పాదం కోసం వెతికింది.