మెమోలో రాసిన మచ్చలు

కథలు చెప్పేవాళ్లలో ఆవగింజంత కూడా కల్పించనివాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. కావాలంటే రాసిపెట్టుకోండి.

ఉదయం ఎనిమిది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డు లేని గది. ఢిల్లీలో పుట్టి పెరిగిన ఆపరేషన్ చీఫ్ రవీందర్, ఏజెంట్ ఆశేర్ ముందు ఒక ఫొటో పడేశాడు. జల్‌పల్లి క్వారీ నీళ్లలో తేలిన శవం. ముఖం చెక్కేసి ఉంది.

"ఎవడో తెలియదు. మన వేగు కబురు: వీడి పాస్‌పోర్టు, పదో తరగతి మెమోలతో విదేశీ ముఠా మనిషి ఒకడు పదకొండు నలభై ఫ్లైట్‌కి దుబాయ్ పోతున్నాడు. మన ఏడుగురు ఏజెంట్ల పేర్లు వాడి దగ్గరున్నాయి. వాడు దిగిన గంటలో ఏడుగురూ శవాలే."

"ఈ కేసు నాకెందుకు సార్?"

"మూడో పేరు జీవన్. నీ తమ్ముడు. చురుగ్గా పనిచేస్తావని."

ముఠా మనిషి ఫొటో లేదు. ఒకటే గుర్తు: ఎడమ చెవి కింద రూపాయి బిళ్లంత గోధుమరంగు పుట్టుమచ్చ.

ఆశేర్ క్యాబ్ డ్రైవర్ వేషంలో అత్తాపూర్ స్కిన్ క్లినిక్‌కి వెళ్లాడు. డాక్టర్ జూలీ అందగత్తె. రెండు పక్షాలకూ పనిచేస్తుందని రెండు పక్షాలకూ తెలుసు.

"ఎండలో తిరిగావా?" అంది. కోడ్.

"లేదు. నీడే కాలింది."

జూలీ తలుపు గడియ పెట్టింది. "చెవి కింద మచ్చ కోసమేగా? ఎర్ర మచ్చయితే డై లేజర్. వాడిది గోధుమరంగు కాబట్టి క్యూ-స్విచ్ లేజర్. ఆరు సిట్టింగులు. మన చర్మానికి పవర్ ఎక్కువైతే కాలి తెల్లమచ్చ పడుతుంది. జాగ్రత్తగా చేశాను, పూర్తిగా పోయింది. ఇలాంటివి ఒక్కోసారి తిరిగొస్తాయి."

"ఎప్పుడు?"

"ఏడాదికో, రెండేళ్లకో. మీ తమ్ముడు అందాకా ఆగగలడా?"

పేరు తెలియదంది. దుబాయ్ పోయే మేస్త్రీల బ్యాచ్‌లో ఉన్నాడని మాత్రం చెప్పింది. పదకొండు మంది.

పదకొండు గంటలకు ఆ పదకొండు మందినీ గదిలో నిలబెట్టారు. అందరి చేతుల్లోనూ పదో తరగతి మెమోలు.

"మెమోలో రెండేసి పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. ఎవడి మచ్చలు కలవవో వాడే," అన్నాడు చీఫ్.

మొగులయ్య అంగీ విప్పాడు. మెమోలో కుడి భుజం మీద మచ్చ. భుజం నున్నగా ఉంది. లాఠీ దెబ్బ పడింది.

"కొట్టకుండ్రి సారూ, నీ కాల్మొక్త!"

కొండల్‌కు ఛాతీ మీద లేదు. మూతి పగిలింది. అలా పది మందిలో ఒక్కడికీ కలవలేదు. పదకొండోవాడు చందుకు మాత్రం మెడ మీద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి, రాసింది రాసినట్టు ఉన్నాయి.

"చందును పంపేయండి. మిగతా పది మందీ ముఠాయే. బాగా తోమండి!"

ఆశేర్ మొగులయ్యను లేపాడు. "అన్నా, గీ మచ్చలు ఎవలు రాసిన్రే?"

"మా బడి సారు. లైన్ల నిలవెట్టి ఆయనే రాసుకుంట పోయిండు. నాకు మచ్చ లేదు సార్ అంటే, ఏదో ఒకటి రాయాలె గద బిడ్డా అన్నడు. అంగీలిప్పి ఎవడు చూస్తడే?"

ఆశేర్ పరుగు తీశాడు. మెమోలో ఉన్నట్టే మచ్చలుండే మనిషి ఈ తాలూకాలో పుట్టలేదు. అంత కచ్చితంగా ఉన్నాయంటే, మెమో చూసి పెట్టించుకున్నవే.

విమానం తలుపు మూస్తున్నారు. చందు కాలర్ ఆశేర్ చేతికి చిక్కింది. తన జేబులోంచి బ్లేడు తీసి వాడి మోచేతి మచ్చను కోశాడు. వాడు గావుకేక పెట్టాడు.

"లేజర్‌తో తియ్యొచ్చుగా!"

"సిట్టింగులకు టైం లేదురా."

నెత్తుటిలోంచి నల్లటి మైక్రోడాట్ ఊడింది. వాచీలోని లెన్స్ కింద పెట్టాడు. ఏడు పేర్లు. మూడోది జీవన్.

అది చర్మం కింద కుట్టింది జూలీయే. మధ్యాహ్నం పట్టుకుంటే, తనను ముందు ఏ పక్షం కాలుస్తుందని మాత్రం అడిగింది.

ఆశేర్ ఆ విమానాన్ని ఇరవై నిమిషాలు ఆపించి, పది మంది మేస్త్రీలనూ దగ్గరుండి ఎక్కించాడు. మొగులయ్య వెనక్కి తిరిగి దండం పెట్టాడు.

ఏమీ కల్పించనన్నాను కదా. ఒక్కటి కల్పించాను: విమానం ఆగడం. అది టైముకే లేచిపోయింది. పది మందీ కిందే ఉండి, నెత్తురు తుడుచుకుంటూ చూశారు.