ఒకే గుమ్మానికి ఇద్దరు కాపలాదార్లు

రండమ్మా, కుర్చీ ఇలా పొయ్యి దగ్గరికి లాక్కోండి. చేతిలో అల్లికపని ఉంటే ఉండనివ్వండి, చెవి మాత్రం ఇటు పడేయండి. సముద్రాలవతల మంచు దేశంలో, సస్కాచవాన్ అనే చోట రైలు కట్ట పక్కన ఉండే మరూస్యా, ఆమె ఆడపడుచు డోకియా ఒకరి మీద ఒకరికి అనుమానం పుట్టి, ఒకే వంటింట్లో రెండు వంటలు వండుకునేదాకా వెళ్ళిన సంగతి చెబుతాను.

అది శనివారం పొద్దు. రాత్రంతా కురిసిన మంచు కిటికీ సగందాకా పేరుకుంది. మరూస్యా కాఫీ పెట్టుకుని, వంటింటి మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కింది. కాఫీ తాగడం అయింది, కప్పు కడగడం అయింది, అది ఇంకా కళ్ళు తెరవలేదు. తెరిచాక తెర మీదికి ఎర్రటి పెట్టె ఒకటి దూకింది. "అనుమానాస్పద ప్రోగ్రాం. మీ కెమెరాను ఎవరో వాడబోతున్నారు" అని అందులో రాసుంది. ఆ రాతల పక్కనుంచి, ఆ ప్రోగ్రాం ఇదే అన్నట్టు, గుడ్లగూబ బొమ్మ ఒకటి తొంగి చూస్తోంది.

మరూస్యా చటుక్కున కుర్చీ వెనక్కి లాక్కుంది. ఆ యంత్రం మీద ఆమెకు వేరే మోజేమీ లేదు. అది ఇంట్లో ఉన్నది ఒక్క స్టెఫ్కా కోసం. స్టెఫ్కా ఆమె చెల్లెలు. పక్షవాతం వచ్చాక యార్క్‌టన్‌లో ముసలివాళ్ళను చూసుకునే చోట ఉంటోంది. ఎవరిని చూసినా బెదిరిపోతుంది గానీ, ఆదివారం మధ్యాహ్నం తెర మీద అక్క ముఖం కనబడితే చాలు, నోరారా నవ్వుతుంది. చలికాలం దారులు మూసుకుపోతే ఆ నవ్వుకు వేరే దారి లేదు. పోయిన ఆదివారం కెమెరా పలకలేదు. నల్లటి తెర ముందు కూర్చుని స్టెఫ్కా అన్నం కూడా ముట్టలేదట. "అలవాటు తప్పితే మీ ముఖం కూడా మరిచిపోతుందేమోనమ్మా" అని నర్సు మెల్లగా అంది. ఆ మాట మరూస్యాను వారమంతా వదల్లేదు.

గుడ్లగూబను తను పెట్టలేదు. తను పెట్టింది నీలం డాలు బొమ్మ ఉన్న వైరస్ కాపలా ప్రోగ్రాం. చర్చి హాల్లో పిండి వత్తుతుంటే పక్కావిడ చెప్పింది, "వైరస్‌లు ముసలాళ్ళ ఇళ్ళే వెతుక్కుంటూ వస్తాయి, ఇది పెట్టుకో" అని. అంతకుముందే లోపల ఏదో కాపలా ఉందని కొడుకు ఓరెస్ట్ చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. ఉంటే ఉండనీ అనుకుంది. ఆ దేశంలో బయటికి అడుగు పెట్టాలంటే మేజోడు మీద మేజోడు, స్వెట్టరు మీద కోటు. కిటికీకి కూడా లోపల ఓ అద్దం, బయట ఓ అద్దం. ఒకటి చాలు అనే మాట అక్కడ ఎవరి నోటా రాదు.

మరి గుడ్లగూబను పెట్టిందెవరు? ఇంట్లో ఉన్న రెండో మనిషి డోకియాయే.

ఒక్క అనుమానం మొలిస్తే పాతవన్నీ లేచి కూర్చుంటాయి కదా. తను గదిలోకి రాగానే డోకియా కంప్యూటరు ముందునుంచి చటుక్కున లేవడం. ఆదివారం స్టెఫ్కా పలకరింపు మొదలవగానే కోటు తగిలించుకుని పెరటి వరండాలోకి పోవడం. అంత చలిలో అక్కడేం పని? పెళ్ళి చేసుకోలేదు, తోడబుట్టిన అన్నా పోయాడు. తనకు లేని చెల్లెలు ఎదుటిమనిషికి ఉందని కడుపుమంట కాదు కదా? మరూస్యా ఆలోచించేకొద్దీ అదే నిజమని తోచింది.

ఆ పూట ఇద్దరూ వరెనికీ చేస్తున్నారు. డోకియా పిండి బిళ్ళలు వత్తుతోంది, మరూస్యా వాటిలో ఆలుగడ్డ ముద్ద పెట్టి అంచులు నొక్కుతోంది. నొక్కుడు మరీ గట్టిగా ఉంది.

"ఏంటొదినా, వాటి పీక నొక్కుతున్నావా, మూతి మూస్తున్నావా?" అంది డోకియా.

"పీక నొక్కాల్సినవి వేరే ఉన్నాయిలే. ఆ గుడ్లగూబ ఎవరిదే?"

డోకియా చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. "నీ నీలం డాలు ఎవరిదో ముందు చెప్పు. నేను కూర్చున్నప్పుడల్లా అది దొంగ, దొంగ అని నా గుడ్లగూబ మొత్తుకుంటోంది. నువ్వెవడికో తలుపు తీసిపెట్టావని నాకెప్పుడో తెలుసు!"

"నేనా? నా డాలు నీ గుడ్లగూబనే దొంగంటోంది! నా చెల్లెలితో నేను మాట్లాడటం నీకు కంటగింపు. అందుకే కెమెరా కట్టిపడేశావు."

"ఛీ! పాలు కూడా ఇరిగిపోయే మాట అన్నావు." డోకియా కర్రను బల్ల మీద పడేసింది. "నీ వరెనికీ నువ్వే ఉడకేసుకో. నాది నేను వేరే గిన్నెలో ఉడకేసుకుంటా."

అన్నంత పనీ చేసింది. పొయ్యి మీద రెండు గిన్నెలు పక్కపక్కన మరుగుతుండగా, మంచు ఎత్తిపోయడానికి వచ్చిన ఓరెస్ట్ బూట్లు విదిలించుకుంటూ లోపలికి వచ్చాడు. నడివయసు మనిషి, తండ్రిలాగే పొడుగు.

"రెండు గిన్నెలేంటి, ఊరందర్నీ భోజనానికి పిలిచారా?"

ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. అతను అటు తల, ఇటు తల తిప్పలేక కంప్యూటరు ముందు కూలబడ్డాడు. చాలాసేపు చూసి చూసి, నవ్వాలో తిట్టాలో తెలియక గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, అత్తా, దొంగ ఎవడూ రాలేదు. ఇవి రెండూ కాపలావే. ఒకే గుమ్మంలో నిలబెడితే డాలు గుడ్లగూబ కాలర్ పట్టుకుంది, గుడ్లగూబ డాలు కాలర్ పట్టుకుంది. కెమెరాని ఇటు ఇది మూసింది, అటు అది మూసింది. ఇంక మీ యంత్రం నడిస్తే ఆశ్చర్యం."

"అయితే ఆవిడది తీసెయ్" అన్నారు ఇద్దరూ.

"రెండూ తీసేస్తా. దీంతో పాటు వచ్చిన కాపలా ఒకటుంది, మీకు అదే చాలు."

"అది ఉన్నట్టే కనబడదేరా! ఒక్కనాడైనా అరిచిందా?" అంది మరూస్యా.

"మన పాత కుక్క బ్రోవ్కో ఊరికే అరిచేదా అమ్మా? నక్కలాంటి ఆ కొయోటీ వస్తే మాత్రం వదిలేదా? అదీ అంతే. అప్‌డేట్ అడిగితే సరే అను. ఎర్రపెట్టె లేచి ఫలానా నంబరుకి ఫోన్ చెయ్ అంటే మాత్రం వాడే దొంగ. ముట్టుకోకుండా నన్ను పిలువు. నీకు తెలియాల్సింది ఇంతే."

"ముందు డోకియాది తియ్."

"వదినది తీస్తేనే నాది."

ఓరెస్ట్‌కు ఓపిక చచ్చిపోయింది. లేచి తీగ పీకబోయాడు. "సరే, దీన్ని ట్రక్కులో వేసుకుని పోతా. మీ ఇద్దరూ ఒకరికొకరు కాపలా కాసుకోండి."

"ఆపరా!" డోకియా అడ్డం వచ్చింది. "తీసుకుపోకు. రేపు ఆదివారం. స్టెఫ్కా చూస్తూ ఉంటుంది."

మరూస్యా విసురుగా తిరిగింది. "నా చెల్లెలి మీద నీకెప్పుడు పుట్టిందే ఈ ప్రేమ? దాని ముఖం కనబడగానే వరండాలోకి పారిపోయేదానివి!"

"పారిపోక ఏం చెయ్యమంటావ్?" డోకియా ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒకసారి నువ్వు టీ తేవడానికి లేచావు. నేను పలకరిద్దామని వంగా. చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని వణికిపోయింది వదినా. నువ్వొచ్చాక గానీ తేరుకోలేదు. ఆ రోజు నుంచి నేను కనబడకూడదని బయటికి పోతున్నా. లోపల నిలబడితే నా నీడ పడినా బెదురుతుందేమోనని. ముసలాళ్ళ ముఖాలు కెమెరాలోంచి ఎత్తుకుపోతున్నారని రేడియోలో చెప్పారు. నీకు చెబితే నవ్వుతావని, మీ ఇద్దరి మాటలకి అడ్డం ఎవడూ రాకూడదని ఆ గుడ్లగూబని తెచ్చా."

మరూస్యా వరండా వైపు తిరిగింది. పెరటి వరండాకు తలుపైనా సరిగ్గా లేదు. గాలి నేరుగా ఎముకల్లోకి దిగుతుంది. తాను ఇక్కడ పొయ్యి వెచ్చదనంలో చెల్లెలితో నవ్వుకుంటుంటే ఈ మనిషి అక్కడ నిలబడి ఉంది. తను ఆ నిలబడటాన్నే దొంగతనమనుకుంది. మరూస్యా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఏరా, నాది తీయడానికి ఎక్కడ నొక్కాలి?"

చూపించాడు. నొక్కింది. డాలు ఊరికే పోతుందా? "మీకు రక్షణ ఉండదు, నిజంగా తీయమంటారా?" అని అడిగింది. మళ్ళీ ఇంకోలా బెదిరించింది. మరూస్యా వేలు మీట మీదే ఆగింది. అప్పుడు పిండి అంటిన చెయ్యి ఒకటి వచ్చి ఆమె వేలి మీద పడింది.

"నొక్కు వదినా. నాదీ తీయించేస్తాను, పీడా పోతుంది."

యంత్రాన్ని ఆపి మళ్ళీ తెరిస్తే కాఫీ కలిపేలోపే లేచి కూర్చుంది. రెండు గిన్నెల వరెనికీ ఒకే పళ్ళెంలో గుమ్మరించి, మీద వేయించిన ఉల్లిపాయ, పుల్లటి మీగడ వేసుకుని ముగ్గురూ తిన్నారు.

మర్నాడు మధ్యాహ్నం పిలుపు గంట మోగగానే డోకియా అలవాటుగా కోటు కోసం చెయ్యి చాచింది. మరూస్యా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇక్కడే, ఈ పక్కన కూర్చో. కెమెరా నిన్ను చూడదు. నేను చూస్తాను."

తెర వెలిగింది. స్టెఫ్కా ముఖం. ఒక్క క్షణం ఎవరో అన్నట్టు చూసింది. మరూస్యా తెర దగ్గరికి వంగింది. తర్వాత ఆ పెదవి ఒకవైపు మెల్లగా విచ్చుకుంది.

"అక్కా..."

మరూస్యాకు కళ్ళు నిండాయి. బల్ల కింద డోకియా చెయ్యి వెతికి పట్టుకుంది. అక్క చూపు పక్కకు పోవడం స్టెఫ్కా కనిపెట్టింది. నాలుక తడబడుతూ, "పక్కన... ఎవరు?" అంది.

డోకియా కుర్చీని ఇంకా పక్కకి జరుపుకుంది.

"మా డోకియానే. నాతోనే ఉంటుంది" అంది మరూస్యా.

స్టెఫ్కా బెదరలేదు. తన ఒళ్ళోని శాలువాను పైకి ఎత్తి చూపిస్తూ, "చలి... కప్పుకోమను" అంది.

తెరకు కనబడకుండా కూర్చున్న డోకియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అదమ్మా సంగతి. దీన్ని ఇక్కడే వదిలి లేచిపోకండి. కొత్తగా కంప్యూటరు కొన్న పెద్దవాళ్ళు ఎవరైనా తగిలితే, ఒక్క కాపలా చాలని చెప్పండి. ఒకే కప్పు కింద ఇద్దరు మాట్లాడుకోవడం మానేసినట్టు కనబడితే మాత్రం, వరండాలో నిలబడ్డ డోకియా కథ మొదటి నుంచీ చెప్పండి.