కళ్లద్దాల్లో శత్రువు

పోయిన నెల రాటర్‌డామ్ రేవులో ఒక మనిషిని కాల్చి చంపారు. అతను మనవాడు. ఒక వీడియో మీటింగ్‌లో అతనెవరో శత్రువులకు తెలిసిన పదకొండు నిమిషాలకే ప్రాణం పోయింది.

ఆ చనిపోయిన మనిషి ఫొటోని రషీదున్నీసా టేబుల్ మీద బోర్లించింది. పటాన్‌చెరు, ముంబై హైవే పక్కన ఇరానీ హోటల్. ఉదయం ఎనిమిదిన్నర. నల్ల బురఖాలో ఉన్న ఆమెను చూసి ఎవరింటి అత్తగారో అనుకుంటారు. కౌంటర్ ఎస్పియనేజ్ సెల్ చీఫ్ అని ఎవరూ అనుకోరు.

"చాయ్‌ల శక్కర్ ఎక్కువైంది," అన్నాడు ఎదురుగా కూర్చుంటూ యాదన్న.

"బిస్కెట్ ముంచుకో, సరిపోతది," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

"విను. పదకొండు గంటలకు ఇక్కడి మందుల ఫ్యాక్టరీల వీడియో మీటింగ్. క్యాన్సర్ ఇంజెక్షన్ ఫార్ములా కొందామని విదేశీ ముఠా వస్తున్నది. ఫార్ములా నకిలీ. అమ్మే వైస్ ప్రెసిడెంట్ భీ నకిలీ. అవతల ముగ్గురు కూసుంటరు. అండ్ల ఒకరు మన మనిషి. ఎవరో ఎవరికీ తెల్వదు. పదకొండు అయిదుకు మన స్క్రీన్ మీద ఇరవై సెకన్లు మెసేజ్ వస్తది. ఆ మనిషికే ఫైల్ పాస్‌వర్డ్ చెప్పాలె. అది తీస్కొని ఆ మనిషి బయటికి నడుస్తది, మన బండి ఎక్కుతది. ముఠాకు ముందే తెలిసిందనుకో..."

ఆమె బోర్లించిన ఫొటో వైపు చూసింది.

"వైస్ ప్రెసిడెంట్ నేనేనా మేడం?"

"మహేష్."

యాదన్న బిస్కెట్ చాయ్‌లో విరిగి పడింది.

"నేనేం చెయ్యాలె?"

"కెమెరా టెస్ట్."

పద్దెనిమిదేళ్ల సర్వీసు! జహీరాబాద్ బోర్డర్‌లో లారీ కింద వేలాడి ప్రయాణం చేసినవాడు. అలాంటివాడికి కెమెరా టెస్ట్. మహేష్ వచ్చి మూడేళ్లు కాలేదు. వాడికి బ్లేజర్, చొక్కా గుండీలో మైక్, రోహన్ కపాడియా అనే ఖరీదైన కవర్ పేరు. యాదన్నకి నీలం చొక్కా, మెడలో ఐటీ సపోర్ట్ కార్డు. కవర్ పేరు కూడా యాదన్నే. కొత్త పేరు ఆలోచించే ఓపిక కూడా డిపార్ట్‌మెంట్‌కి లేకపోయింది.

ఇంతకన్నా ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. దాని పేరు నిహారిక.

రెండేళ్ల క్రితం పోతిరెడ్డిపల్లిలో ఒక కిరాయి ఇంట్లో నాలుగు నెలలు ఇద్దరూ మొగుడూపెళ్లాలుగా నటించారు. ఆమె నటించింది. యాదన్న పొద్దున్నే పాలప్యాకెట్ తెచ్చేటప్పుడు మాత్రం నటన సంగతి మరిచిపోయేవాడు. ఆపరేషన్ అయిపోగానే ఆమె షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లిపోయింది. ఇవాళ ఆమె మాయ అనే పేరుతో మహేష్ పక్కన ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చుంటుంది.

పది గంటల పది నిమిషాలు. ఫ్యాక్టరీ మొదటి అంతస్తు. కాన్ఫరెన్స్ రూమ్ పక్కనున్న సర్వర్ గదిలో యాదన్న ల్యాప్‌టాప్ తెరిచాడు. కెమెరా పర్మిషన్ ఓకే. మైక్ లెవెల్ ఓకే. లైటు మొహానికి ఎదురుగా పడుతోంది, ఓకే. ప్రివ్యూ విండోలో మహేష్ మొహం తేలింది. సినిమా పోస్టర్‌లా ఉన్నాడు, వాడి మొహం మండ.

"యాదన్నా, హౌ డు ఐ లుక్?" అన్నాడు స్పీకర్లో.

"కొంచెం కిందికి వంగుర్రి సార్. తలకాయ తెగుతున్నది."

తెగడం లేదు. ఊరికే వంగమన్నాడు.

అప్పుడు ప్రివ్యూలోకి నిహారిక వచ్చింది. ముదురాకుపచ్చ చీర. మహేష్ టై సర్దింది. వాడి కళ్లద్దాలు తీసి, తన బ్యాగ్‌లోంచి కొత్త జత తీసి, స్వయంగా పెట్టింది. "గిఫ్ట్. ఇవాళంతా తీయకూడదు," అని నవ్వింది. పోతిరెడ్డిపల్లిలో నాలుగు నెలలున్నా యాదన్నకి ఆమె ఒక కర్చీఫ్ కూడా ఇవ్వలేదు.

టెస్ట్ అయిపోయింది. విండో మూసేయాలి. యాదన్న మూయలేదు. ఆ అద్దాలు ఎంత ఖరీదు చేస్తాయో చూద్దామని, బ్రాండ్ పేరు కోసం చిత్రాన్ని పెద్దది చేశాడు. మరింత పెద్దది చేశాడు. వెబ్‌క్యామ్ కొత్తది, ఫోర్ కే. నిన్ననే నిహారిక తెచ్చింది. మహేష్ కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.

బ్రాండ్ పేరు కనిపించలేదు. అద్దాల్లో వేరేది కనిపించింది. రెండు చిన్న తెల్లటి చతురస్రాలు. వాటిలో అక్షరాలు, తిరగబడి. యాదన్న చిత్రాన్ని తిప్పి చూశాడు.

'టెస్ట్ మెసేజ్. మహేష్, చదవగలుగుతున్నావా?'

పాత అద్దాలకు మెరుపు రాకుండా కోటింగ్ ఉండేది. వీటికి లేదు. మహేష్ ముందున్న స్క్రీన్ పక్కనున్నవాళ్లకి నల్లగానే కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాడే చదవగలడు. ఇప్పుడు దాని మీద ఏది వచ్చినా అద్దాల్లో పడుతుంది, కెమెరాలోంచి అవతలి ముఠాకు చేరుతుంది. పదకొండు అయిదుకు వచ్చే మెసేజ్ కూడా.

నిహారిక డబుల్ ఏజెంట్!

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో దేశభక్తి కంటే ముందు యాదన్నకి ఒక దిక్కుమాలిన సంతోషం కలిగింది. ఆమెకు మహేష్ మీద మోజు లేదు. వాడి కళ్లద్దాల మీదే!

ఫోన్ తీశాడు.

"యాదన్నా," అంది రషీదున్నీసా విసుగ్గా, "మహేష్ మీద ఇది నీ నాలుగో కంప్లయింట్. మొన్న ఆయన బూట్ల మీద చెప్పినవ్. ఆయన సెంటు మీద చెప్పినవ్."

"అది వేరే మేడం! ఈసారి నిజం!"

"ఆ పిల్ల మీద నీ దిల్ ఉన్నది, నాకెర్కే. జెర సబర్ చెయ్, ఓపిక పట్టు. లైన్ ఖాళీ చెయ్, మీటింగ్ షురూ అయితది."

లైన్ తెగింది. టైం పది నలభై ఆరు.

మహేష్‌కి చెబితే నవ్వుతాడు. పక్కనే ఉన్న నిహారిక వింటుంది. కేబుల్ పీకితే మీటింగ్ ఆగుతుంది, అవతల అనుమానం వస్తుంది, అక్కడ కూర్చున్న మన మనిషికి అదే ఆఖరి రోజు. కెమెరా సెట్టింగులకు నిహారిక పాస్‌వర్డ్ పెట్టేసింది. మీటింగ్ జరగాలి. చిత్రం మాత్రం పాడవ్వాలి. చేసింది యాదన్న అని తెలియకూడదు.

యాదన్న మెట్లు దిగి ప్యాకింగ్ సెక్షన్‌లోకి పరుగెత్తాడు. అక్కడి సూపర్‌వైజర్ పద్మావతి. ఆ ఫ్యాక్టరీలో కొత్త మిషిన్ ఏదొచ్చినా ఆమె బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే స్విచ్ వేయాలి. పోయిన దసరాకి బార్‌కోడ్ స్కానర్ కంటికి నిండుగా కుంకుమ పెట్టింది. అది మూడు రోజులు ఒక్క డబ్బా కూడా చదవలేదు. మేనేజర్ కూడా ఆమెను ఏమీ అనలేకపోయాడు.

"పద్మక్కా, మీది అంతస్తుల కొత్త కెమెరా వచ్చింది. పూజ లేకుంటనే షురూ చేస్తున్రు."

పద్మావతి చేతిలోని డబ్బా కింద పెట్టింది. "ఏందీ? విదేశపోల్లతోని బేరం పెట్టుకొని పూజ లేకుంటనా? ఆగు, పళ్లెం తెస్త."

పది యాభై ఎనిమిదికి పళ్లెం కాన్ఫరెన్స్ రూమ్‌లోకి వెళ్లింది. నిహారిక లేచి నిలబడింది.

"ఇప్పుడు టైం లేదండీ."

"బొట్టుకు ఎంత టైం అయితది బిడ్డా?"

నూనెతో తడిపిన కుంకుమ ఆమె వేలి కొసన మెరిసింది. కెమెరా చిన్నది, ఎక్కడ పెట్టాలో తోచక వేలు ఆగింది.

"నడిమిట్ల పెట్టు అక్కా," అన్నాడు తలుపు దగ్గర్నుంచి యాదన్న.

పద్మావతి లెన్స్ మీద బొట్టు పెట్టింది. నిహారిక చేయి చాచింది.

"ముట్టకు! మీటింగ్ అయ్యేదాక తియ్యద్దు. అరిష్టం."

గదిలో ఉన్న అసలు ఫ్యాక్టరీ మనుషులంతా నిహారిక వైపు చూశారు. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

పదకొండు. గోడ మీది పెద్ద స్క్రీన్‌లో ముగ్గురు. మధ్యలో గ్రెగర్, తెల్ల గడ్డం. అతని ఎడమ పక్కన బట్టతల మనిషి. కుడి పక్కన ఫైళ్లు పట్టుకున్న సెక్రటరీ.

"వై ఈజ్ ఎవ్రీథింగ్ రెడ్?" అన్నాడు గ్రెగర్.

"లోకల్ కస్టమ్, సర్. గుడ్ లక్," అన్నాడు మహేష్ స్టైల్‌గా. విషయం తెలియకపోయినా వాడి స్టైల్ మాత్రం తగ్గలేదు. యాదన్న సర్వర్ గదిలో పళ్లు కొరికాడు.

పదకొండు మూడు. గ్రెగర్ కుర్చీలో కదిలాడు. "క్లీన్ ది కెమెరా."

నిహారిక పైటకొంగుతో తుడిచింది. నూనె కుంకుమ లెన్స్ అంతా అలుముకుంది. యాదన్న ప్రివ్యూలో మహేష్ ఎర్రటి మబ్బుగా మారాడు.

పదకొండు అయిదు. మహేష్ ముందున్న స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. 'సెక్రటరీ సుమిత్ర మన మనిషి.' ఒకటి, రెండు, మూడు... యాదన్న లెక్కపెడుతున్నాడు. నిహారిక బ్యాగ్‌లోంచి తడి టిష్యూ తీసింది. పది. పద్మావతి వద్దంటున్నా తుడుస్తోంది. పద్నాలుగు. ఎరుపు పల్చబడింది. పదిహేడు. కళ్లద్దాల అంచులు కనిపించాయి. పద్దెనిమిది. తెల్లటి చతురస్రాలు తేలాయి. పంతొమ్మిది. అక్షరాల నీడలు.

"ఫాస్టర్, నిహారికా!" అని అరిచాడు గ్రెగర్.

ఇరవై. అద్దాల్లో రెండు ఖాళీ చతురస్రాలు మిగిలాయి.

మాయ అనే ఇంటర్‌ప్రెటర్ అసలు పేరు గ్రెగర్‌కి ఎవరూ చెప్పలేదు. దూరంగా లైన్లో వింటున్న రషీదున్నీసాకి అది సరిపోయింది. నిహారిక ఫోన్ తీసేలోపు ఇద్దరు గార్డులు ఆమెను కెమెరాకి అందకుండా పక్కకు జరిపి నిలబడ్డారు. మహేష్ రెప్పవేయకుండా సెక్రటరీకి పాస్‌వర్డ్ చదివి వినిపించాడు. ఆమె రాసుకుంది, ప్రింట్ తెస్తానని లేచింది, తలుపు దాటింది. నాలుగు నిమిషాల తర్వాత యాదన్న ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'సుమిత్ర బండి ఎక్కింది.'

యాదన్న గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

నిహారికను వ్యాన్ ఎక్కించేటప్పుడు అతను గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఆగింది. అదే నవ్వు.

"నువ్వే కదూ?"

"నేనే."

"మహేష్ అంటే నాకు విసుగు యాదన్నా. మూడు వారాలుగా వాడి జోకులు భరించాను. నీకు గనక కళ్లద్దాలుంటే నిన్నే ఎంచుకునేదాన్ని."

వ్యాన్ హైవే వైపు తిరిగింది. రషీదున్నీసా ఫోన్ చేసి మాఫీ అడిగింది, మెడల్‌కి రాస్తానంది. యాదన్న సరే మేడం, సరే మేడం అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కి, పటాన్‌చెరు బస్టాండ్ ఎదురుగా ఉన్న కళ్లద్దాల షాపుకి వెళ్లి, కళ్లు పరీక్ష చేయమన్నాడు. డాక్టర్ పావుగంట పరీక్షించి, చూపు నిక్షేపంలా ఉందన్నాడు. యాదన్న ఇంకోసారి చూడమని బతిమాలాడు.