ఉంగరం వచ్చేదాకా తిప్పాను

"మీరిచ్చిన కళ్ళజోడు పెట్టుకుంటే శనిగ్రహం కనిపించట్లేదండీ," అన్నాను షాపులోకి అడుగు పెడుతూనే.

కౌంటరు వెనక ఫ్రేము తుడుస్తున్న అమ్మాయి చేతులు ఆగాయి. నన్నోసారి, నా ముక్కు మీది కళ్ళజోడునోసారి చూసింది.

"బస్సు నంబర్లు కనిపిస్తున్నాయా?"

"శుభ్రంగా."

"షాపు బోర్డులు?"

"అన్నీ కనిపిస్తున్నాయండీ. ఉంగరం కూడా ఇంత లావున కనిపిస్తోంది. దాని మధ్యలో ఉండాల్సిన గ్రహమే లేదు. నల్లటి చిల్లుంది. టెలిస్కోపేమో కొత్తది, దాంట్లో లోపం ఉండే ప్రశ్నే లేదు. అంటే మీ అద్దాల్లోనే ఉండాలి."

"మీలో ఉండే అవకాశం?"

"అది ఆలోచించలేదు."

నిజంగానే ఆలోచించలేదు. నా జీవితచరిత్ర ఎవరైనా రాస్తే ఈ రెండు మాటలు చాలు, మిగతా కాగితం మిగులుతుంది.

నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటారు, నేను పక్క సీట్లో కూర్చుంటాను. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. వాళ్ళు ఎవరి గోడ మీదికైనా బయల్దేరితే తొక్కడం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఆపుతాను. నా తప్పుల దగ్గరికొచ్చేసరికి ఏ కాలి కిందా బ్రేకు లేదు. పాత కళ్ళజోడు పగిలింది కూడా నేను తొక్కిన బ్రేకుకే.

ఆ అమ్మాయి నన్ను లోపలి చీకటి గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక బరువైన ఫ్రేము నా ముక్కు మీద పెట్టి అద్దాలు మార్చడం మొదలుపెట్టింది.

"ఇది బాగుందా? ఇది బాగుందా?"

అద్దం మార్చాలంటే దగ్గరికి రావాలి కదా. వచ్చింది. ఎదురుగా గోడ మీద అక్షరాలున్నాయన్న సంగతే నేను మర్చిపోయాను.

"రెండూ బాగున్నాయండీ."

"రెండూ బాగుండవు. ఒకటి చెప్పాలి."

"మొదటిది. కాదు కాదు, ఇంకోసారి చూపించండి."

ఇంకోసారి చూపించింది. ఇంకోసారన్నాను. ఆఖరికి లైటు వేసేసింది.

"మీ పవర్ సరిగ్గానే ఉంది. మీకు తేల్చుకోవడమే రాదు."

లేచి బయటికి నడవబోతుంటే వెనకనుంచి పిలిచింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నిజంగానే ఉంగరం కనిపించిందా?"

"చెప్పాను కదండీ, ఇంత లావున."

"చిన్నప్పుడు స్కూలు గ్రౌండులో మమ్మల్ని వరసగా నిలబెట్టి చూపించారు. నా ముందున్న అమ్మాయి చూసి గంతులేసింది. నా వంతొచ్చేసరికి మబ్బు పట్టేసింది. ఇంకెప్పుడూ కుదరలేదు." చేతిలో అద్దాన్ని డబ్బాలో దాని గూట్లో సర్దుతూ నవ్వింది. "రోజూ ఇంతమందికి కనిపించేలా చేస్తాను. నేను చూడాలనుకున్నది మాత్రం అలాగే ఉండిపోయింది."

"ఆదివారం సాయంత్రం మా మేడ మీదికి రండి. చూపించే పూచీ నాది."

"మళ్ళీ మబ్బు పడితే?"

"నేనుండగా మబ్బేమిటండీ!" అన్నాను, మబ్బులన్నీ నా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నట్టు.

ఇంటికొచ్చాక గానీ ఎంత పెద్ద మాట అన్నానో తెలియలేదు. అయినా ధైర్యం పోలేదు. అప్పటికే బిల్డింగులో అందరికీ శనిగ్రహం చూపించేసిన వాణ్ణి మరి. కింది వాటాలో ఉండే ఓనరుగారు చూసి నా భుజం తట్టి, వేరే ఊళ్ళో ఉన్న అల్లుడికి ఫోన్ చేసి మరీ చెప్పారు. మా వదిన మాత్రం "స్కూటరు టైరులా ఉంది" అని పెదవి విరిచింది. మా నాయనమ్మకు ఈ మధ్యే కంటి ఆపరేషనైంది. ఆవిడ అసలు చూడనే లేదు.

"జనం శని వదిలితే చాలనుకుంటుంటే నువ్వు గొట్టం పెట్టి మరీ వెతుక్కుంటున్నావేంట్రా?" అంది.

ఆదివారం మధ్యాహ్నం వర్షం మొదలైంది. నేను మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆకాశాన్ని బతిమాలుతూ గడిపాను. అద్దం ముందు ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"శనిగ్రహం నిన్ను చూస్తుందా, నువ్వు దాన్ని చూస్తావా?"

"గెస్టు వస్తున్నారు వదినా."

"ఎవరో?"

"కళ్ళ డాక్టరు లాంటావిడ."

"లాంటావిడా? అయితే రోగం కళ్ళలో లేదన్నమాట," అని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళింది నాయనమ్మకి చెప్పడానికేనని నాకు తెలుసు.

చీకటి పడే వేళకు వాన వెలిసింది. మబ్బులు పక్కకు తప్పుకున్నాయి. ఆ అమ్మాయి తడిసిన గొడుగుతో మేడ మీదికొచ్చేసరికి ఓనరుగారు, వదిన, కుర్చీలో నాయనమ్మ అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను అన్నిటికన్నా పెద్దగా మెరుస్తున్న చుక్క మీదికి టెలిస్కోపు తిప్పాను. ఉంగరం వచ్చింది. పక్కకు జరిగి, సొంత కారు తలుపు తీసినంత ఠీవిగా చెయ్యి చూపించాను.

"చూడండి."

వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నేను రోజూ నా స్టూడెంట్లను చూసే చూపే. ఎదురుగా గోడ ఉందని వాళ్ళకింకా తెలియనప్పుడు చూస్తాను.

దగ్గరికొచ్చి ఎవరికీ వినపడకుండా అడిగింది. "దీన్ని ఫోకస్ ఎలా చేశారు?"

"ఇదిగో, ఈ మర తిప్పి."

"ఎందాకా తిప్పారు?"

"ఉంగరం వచ్చేదాకా."

ఆ అమ్మాయి పెదవులు గట్టిగా బిగించుకుంది. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆ ముఖం చూస్తే తెలిసింది.

"చూస్తూ ఉండండి," అని మరను రెండోవైపు మెల్లగా తిప్పసాగింది. నేను కన్ను ఆనించాను. నా ఉంగరం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. నల్ల చిల్లు పూడిపోయింది. చివరికి ఒక చుక్క మిగిలింది. అంతే. మామూలు నక్షత్రం.

"ఫోకస్ బాగా తప్పితే ఏ నక్షత్రమైనా ఇలా ఉంగరంలా కనిపిస్తుంది," అంది మెల్లగా. "ఆ చిల్లు మీ టెలిస్కోపు లోపలున్న చిన్న అద్దం నీడ."

బిల్డింగు మొత్తానికి నేను చూపించింది నా గొట్టంలోని నీడనన్నమాట. ఓనరుగారి అల్లుడి దాకా పాకిన నీడ.

"ఎవరికీ చెప్పనులెండి," అంది. "కావాలంటే మళ్ళీ తిప్పి ఉంగరం చేసిపెడతాను."

ఆ మాట వినగానే ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. పరువు దక్కుతుంది. ఓనరుగారి అల్లుడు సుఖంగా ఉంటాడు. కానీ ఈ అమ్మాయి చిన్నప్పటినుంచి ఎదురుచూసింది నా పరువు కోసం కాదు. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే, ఈవిడ వంతు రెండోసారి కూడా ఉత్తిదే అయిపోతుంది. ఈసారి మబ్బు పేరు నేను.

గొంతు సవరించుకున్నాను. "అందరూ ఒక్కసారి వినండి. నేను మీకిన్నాళ్ళూ చూపించింది శనిగ్రహం కాదు. ఒక మామూలు చుక్క. నేను తప్పు తిప్పడం వల్ల ఉంగరమైంది."

ఓనరుగారు జేబులోంచి ఫోను తీసి దానివైపు చూశారు.

"మరి మా అల్లుడికి చెప్పింది?" అన్నారు ఓనరుగారు నీరసంగా.

"మళ్ళీ ఫోన్ చెయ్యాలండీ."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "టైరని నేనానాడే చెప్పానా?"

ఇక ఆపేవాళ్ళు లేకపోయారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఏదో కొత్త అద్దం వేసి చూస్తున్నట్టు నన్నే చూస్తోంది.

"గ్రహమైతే నక్షత్రాల్లా మిణుకుమిణుకుమనదు," అంది. "మిణుకుమననిది వెతకాలి."

"ఆ ట్యాంకు పక్కనుంది చూడు," అంది నాయనమ్మ, ఆపరేషనైన కన్ను ఎగరేస్తూ. "బుద్ధిగా ఉంది. వెలుగూ పెద్దగా లేదు. అందుకే మావాడు దాని మొహం చూసుండడు."

నిజమే, చూడలేదు. పెద్దగా మెరిసేదే గొప్పదనుకునే రకాన్ని నేను.

టెలిస్కోపు అటు తిప్పాను. మొదట నీళ్ళ ట్యాంకు దొరికింది. తర్వాత ట్యాంకు మీద కాకి దొరికింది. చొక్కా ఇస్త్రీ అంతా చెమటకు పోయాక ఒక పసుపు మచ్చ దొరికింది. కన్ను పక్కకు తీసేశాను.

"ముందు మీరే చూడండి. మర కూడా మీరే తిప్పండి."

వంగింది. మర మీద వేళ్ళు కొద్దికొద్దిగా కదిలి ఆగిపోయాయి. ఆమె చెయ్యి గాల్లో తడుముకుని నా చొక్కా చేతిని పట్టుకుంది.

"ఉంది," అంది. "ఉంగరం ఉంది. మధ్యలో గ్రహం కూడా ఉంది."

తలెత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి. నా చొక్కా చెయ్యి ఇంకా వదల్లేదు. నేను గుర్తు చెయ్యలేదు.

అప్పుడు నేను చూశాను. పెసరగింజంత కూడా లేదు. దాని చుట్టూ సన్నటి ఉంగరం, నిజంగానే, ఎవరూ తిప్పకుండానే. ఇంత చిన్న దాని ముందు నా టైరు ఎంత సిగ్గుమాలిందో అర్థమైంది.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అంది పక్కనుంచి, షాపు గొంతుతో.

"మీరొచ్చాక బాగుందండీ."

అనేశాక బ్రేకు కోసం కాలితో మేడను తొక్కాను.

"ఇది కూడా ఫోకస్ తప్పిన మాటేనా?"

"కాదండీ. ఇది తేల్చుకునే చెప్తున్నాను. మీరంటే నాకిష్టం. ఇంకోసారి చూపించమని అడగను."

ఆమె జవాబు చెప్పేలోపు వెనకనుంచి నాయనమ్మ గొంతు వినపడింది. "మనవడా, నాకేమీ కనిపించట్లేదురా!" మేం మాటల్లో ఉండగా ఆవిడ ఎప్పుడొచ్చిందో గొట్టానికి కన్ను ఆనించేసింది. గ్రహమేమో జరిగి పక్కకెళ్ళిపోయింది. ఆ అమ్మాయే దాన్ని మళ్ళీ పట్టి, మర సరిచేసి నాయనమ్మకు చూపించింది. ఆవిడ చూసింది, "ఆహా" అంది, తర్వాత గ్రహాన్నొదిలి ఆ అమ్మాయి ముఖం తీరిగ్గా చూసింది.

"చక్కగా ఉంది," అంది. ఏది చక్కగా ఉందో మాత్రం చెప్పలేదు. వదిన అప్పుడే కిందికి పరిగెత్తింది, అన్నయ్యను పిలుచుకురావడానికి.

అందరూ చూడ్డం అయ్యాక నేను గేటు దాకా తోడెళ్ళాను. జవాబు అడగడానికి ధైర్యం లేక గొడుగు గురించి మాట్లాడుతున్నాను. ఆమె గేటు దగ్గర ఆగింది.

"మీ డ్రైవింగ్ స్కూలు కార్లో మీ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందటగా. మీ వదిన చెప్పారు."

"ఉంటుందండీ."

"రేపు షాపు మూశాక వస్తాను. నేర్చుకుంటాను." గొడుగు చంకలో పెట్టుకుంది. "కానీ పక్క సీట్లో నేను కూర్చుంటాను. మీరు నడపండి."